కిడ్నీ కాదు, రామూర్తీ

డొంకూరు,
10 అక్టోబరు 2023

తమ్ముడు రామూర్తికి,

గంగమ్మ ముందు దీపం పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా గుజరాత్‌లో ఆ వెరావల్ గదిలో తొమ్మిది మంది చెవులు మన మాట మీదే ఉంటాయి. ఉత్తరమైతే ఒక్కడివే చదువుకుంటావు. బోటు ఒడ్డుకు వచ్చినప్పుడు అందేలా మీ ఓనరు షెడ్డుకు పంపుతున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. నీ కూతురు సింధూర ఇచ్ఛాపురం కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళి వస్తోంది. "అత్తా, బస్సులో సీటు దొరికిందంటే ఆ రోజు దేవుడున్నట్టే" అంటుంది. నా పూజలను వెక్కిరించడం అది. నేనేమీ అనను. సీటు దొరికిన రోజు దణ్ణం పెట్టుకుంటుందట, అదే చాలు.

నిన్న చిన్నమ్మి వచ్చింది. నీ భార్య సంగతి తెలుసు కదా, అరగంట వంటింట్లో ఊరికే కూర్చుంది. వెళ్ళబోతూ గుమ్మంలో చెప్పింది: "వదినా, ఆయన ఫోన్లో మాటాడతన్నాడు గానీ, మనిషి అక్కడ లేనట్టుంటాది."

నువ్వు తిండి మానేశావని నీ బోటులో పనిచేసే ఢిల్లీరావు వాళ్ళావిడకు చెప్పాడట. చేతి గడియారం అతనికి ఇచ్చేశావట. పెళ్ళిలో మీ మామగారు పెట్టిన గడియారం అది. ఎందుకిచ్చావు?

నిద్ర పడుతోందా? అన్నిటికీ కాకపోయినా దీనికి జవాబు రాయి.

మీ అప్ప,
నాగమణి

*

వెరావల్,
27 అక్టోబరు 2023

నాగమణి అప్పకి రామూర్తి నమస్కారాలు.

నీ ఉత్తరం షెడ్డులో అందరి చేతులూ తిరిగి నాకు వచ్చినాది. "ఒరే రామూర్తి, నీకు లవ్ లెటరొచ్చినాదిరా" అని ఢిల్లీరావు గాడు ఎగిరినాడు. మా అప్పదిరా అన్నాను. "అప్పదైతే ఇప్పి సూడు, కుంకం రాల్తాది" అన్నాడు. విప్పితే నిజంగానే రాలింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వాల్సింది. నవ్వు రాలేదు అప్పా.

నిద్ర లేదు. నడుం వాలిస్తే రెండు గంటలు, ఆ తరవాత కళ్ళు తెరుచుకునే ఉంటాయి. అన్నం నోట్లో పెడితే ఇసుకలాగుంటాది. వల లాగుతుంటే ఈ చేతులు ఎవరివో అనిపిస్తాది.

ఇదేటో నాకు తెలిసిపోయినాది. అమ్మ జబ్బు. మన ఉద్దానం జబ్బు. అమ్మ ముప్పై ఏడేళ్ళకి కిడ్నీతో పోయినాది, నాకు నలభై. మూడేళ్ళు ఎక్కువే బతికీసినాను. ఊరి నుంచి బయల్దేరే ముందు అందరం క్రియాటినిన్ చూపించుకున్నాం కదా, నాకు సున్నా పాయింటు తొమ్మిది. ఇక్కడికొచ్చాక మరి రెండుసార్లు రక్తం ఇచ్చాను. అదే తొమ్మిది. నీవి గుర్రం కిడ్నీలు, ఇంక రాకు అని ల్యాబాయన హిందీలో కసిరినాడు. కానీ అప్పా, నంబరు అబద్ధం చెప్పొచ్చు గానీ ఒళ్ళు అబద్ధం చెప్పదు కదా.

వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నన్ను మోసుకుని తిరగడం చిన్నమ్మికి ఎందుకు? మన వీధిలో అలాంటి ఇళ్ళు ఎన్ని చూడలేదు? గడియారం అంటావా, నాకు టైముతో పనేటి?

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అమ్మ పోయేసరికి నాకు నాలుగేళ్ళు, నువ్వు పెద్దదానివి. మొదట్లో అమ్మకీ ఇలాగే ఉండేదా? తిండి లేక, నిద్ర లేక?

తమ్ముడు,
రామూర్తి

*

డొంకూరు,
5 నవంబరు 2023

రామూర్తికి దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. మూడుసార్లూ నంబరు తొమ్మిదే వచ్చిందంటే అమ్మవారి దయ. పొద్దున్నే రాగిజావ కాచుకుని తాగు. ఎండలో టోపీ పెట్టుకో.

పద్నాలుగో తేదీ నుంచి కార్తీకం. నీ పేరు మీద రోజూ దీపం పెడతాను. మీ బావ మోకాలు మళ్ళీ మొదటికొచ్చింది. నడిపి చెల్లి రమణమ్మ బరంపురం నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. నిన్ను అడిగింది.

పోయినవాళ్ళ సంగతులు ఇప్పుడెందుకు? నీ ఒళ్ళు చూసుకో.

అప్ప

*

వెరావల్,
19 నవంబరు 2023

అప్పకి,

అన్నీ రాసినావు. రాగిజావ, టోపీ, కార్తీకం, బావ మోకాలు. నేను అడిగింది తప్ప.

నాకర్థమైపోయినాది. నువ్వు అబద్ధమాడలేక ఊరుకున్నావు. అమ్మకీ ఇలాగే మొదలైనాదన్నమాట. పోనీలే, నీ తప్పేటుంది.

ఇరవై ఆరున బోటు కదుల్తాది. పద్దెనిమిది రోజుల వేట. ఈసారి నేను రాకపోతే చిన్నమ్మిని ఎవరూ ఏమీ అనకుండా చూడు. మా గుంట సింధూర చదువు నీ చేతిలో పెడతన్నాను. నాన్న మంచోడేనని దానికి చెప్పు.

రామూర్తి

*

డొంకూరు,
25 నవంబరు 2023

రామూర్తీ,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం పన్నెండుకు వచ్చింది. పన్నెండుంపావుకు ఢిల్లీరావుకు ఫోను చేశాను. నీకు తెలియకుండా చేశాను. కోపం తెచ్చుకో. నిన్ను రేపు బోటు ఎక్కనివ్వవద్దని, ఒక్క గంట కూడా ఒంటరిగా వదలవద్దని చెప్పాను. బోటు నడిపే తండేలుతోనూ మాట్లాడాను. "ఒడ్డున వలలు బాగుసేసే పనుందమ్మా, ఇద్దరినీ అక్కడే కూకోబెడతాను" అన్నాడు. అతని పిల్లలు చల్లగా ఉండాలి. చిన్నమ్మికి కూడా చెప్పాను. ఈ రాత్రి నుంచి రోజూ తను నీకు ఫోను చేస్తుంది, ఎత్తు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. మొన్ననే రాయవలసింది.

అమ్మ కిడ్నీతో పోలేదు.

నువ్వు పుట్టిన తర్వాత అమ్మ మంచం దిగడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ అంతే. చేపలు ఎండబెట్టే రోజుల్లో ఊరంతా ఇసుక మీద ఉంటే అమ్మ ఒక్కతే ఇంట్లో. గాలి సోకిందన్నారు. వేపమండలతో కొట్టించారు. మొక్కని దేవుడు లేడు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నేను దేవుణ్ణి తప్పు పట్టను. డాక్టరు దగ్గరకు వెళ్ళవద్దని ఆయన ఏనాడూ అనలేదు. నీకు నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారం అమ్మ తన ప్రాణం తానే తీసుకుంది. అప్పటికి నాకు పందొమ్మిది.

నాన్న నన్ను పెరట్లోకి పిలిచి, "జొరమని సెప్పు. పిచ్చిదాని కూతుళ్ళంటే మిమ్మల్ని ఎవుడు సేసుకుంటాడు?" అన్నాడు. జ్వరమనే చెప్పాను.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, నీ పెళ్ళికి ముందు, కిడ్నీ సర్వే వచ్చింది. నేను ఆశ వర్కరుగా చేరిన కొత్త, మన వీధి కాగితాలు నా చేతికే ఇచ్చారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా, దేనితో, అని ఒక గడి. మన ఇంటి కాగితంలో కిడ్నీ అని నేనే రాశాను. జ్వరం కన్నా అది నమ్మకంగా ఉంది. మన ప్రాంతంలో కిడ్నీ అంటే ఎవరూ మరో ప్రశ్న వేయరు. నువ్వు దాన్నే నమ్మావు. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి రక్తం ఇచ్చి నంబరు చూసుకుంటున్నావు. దొంగ వచ్చే తలుపు ఒకటైతే నిన్ను ఇంకో తలుపు దగ్గర కాపలా కూర్చోబెట్టాను. ఆ పాపం నాది.

నీకు వచ్చింది అమ్మ జబ్బే. కానీ అది మనసుకు వచ్చే జబ్బు. దానికి మందుంది. అమ్మకు అందలేదు, నీకు అందుతుంది.

మా ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పింది. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ, ప్రాణం మీదకు తెచ్చుకునే ప్రమాదం కూడా ఎక్కువ. ఎక్కువ అంటే తప్పదని కాదు. చాలామందికి ఏమీ కాదు. ఒక ఇంట్లో ఒకరికి కిడ్నీ పాడైతే మిగతావాళ్ళకు ముందే పరీక్ష చేయిస్తాం కదా. వాళ్ళు పోతారని కాదు, పోకుండా ఉండడానికి. ఇదీ అంతే.

ఒక మాట సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా? అడగడానికి భయపడకూడదని నేర్పారు. అవునో కాదో రాయి. రాసేదాకా ఆగలేకపోతే 14416 కు ఫోను చెయ్యి. ప్రభుత్వానిదే, పైసా పడదు, తెలుగులో మాట్లాడతారు. ఈ ఉత్తరం అందిన రోజే ఢిల్లీరావుతో ఆసుపత్రికి వెళ్ళు.

అప్ప

*

వెరావల్,
8 డిసెంబరు 2023

నాగమణి గారికి,

అప్పా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముప్పై ఆరేళ్ళు. నన్ను ఎత్తుకుని తిప్పినావు, అన్నం కలిపి పెట్టినావు, ఆ నోటితోనే కిడ్నీ అన్నావు. నేను చిన్నమ్మిని చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న అడిగినాడు, మీ అమ్మ దేనితో పోయిందని. కిడ్నీ అన్నాను, తలెత్తుకుని. వాళ్ళింట్లోనూ ఇద్దరు కిడ్నీతో పోయినారు, అందుకే కలిసిపోయాం. నాకూ తెలీకుండా నాతో అబద్ధమాడించినావు.

అమ్మ నన్ను వదిలీసి తనకు తనే వెళ్ళిపోయినాదా? నాలుగేళ్ళోణ్ణి? నా వల్లేనా? నేను పుట్టాకే మంచం దిగలేదన్నావు.

నువ్వడిగినదానికి జవాబు అవును. రెండుసార్లు గట్టిగా అనిపించినాది. మొన్న బోటు ఎక్కుంటే మూడోసారయ్యేది. ఢిల్లీరావు గాడు నన్ను ఒంటేలుకి కూడా ఒక్కణ్ణీ పోనివ్వడం లేదు. తలుపు బయట నిలబడి పాటలు పాడతన్నాడు. ఆ గొంతు వింటే ఆరోగ్యంగా ఉన్నోడికీ జబ్బు చేస్తాది.

ఆసుపత్రికి వెళ్ళలేదు. వెళ్ళను. పిచ్చి డాక్టరు దగ్గరకి వెళ్ళినాడని ఒక్కడికి తెలిస్తే డొంకూరంతా తెలుస్తాది. రేపు సింధూరకి సంబంధం ఎవడు తెస్తాడు? ఇంకో మాట. ఇది అమ్మ నుంచి నాకొస్తే నా నుంచి దానికి పోతాది. అలాంటప్పుడు నేను దాని దగ్గరకి రాకుండా ఉండడమే మంచిది. దూరంగా ఉండిపోతాను. దానికి మాత్రం ఏమీ చెప్పకు.

రామూర్తి

*

డొంకూరు,
16 డిసెంబరు 2023

రామూర్తీ,

అవును అని రాసినందుకు ముందు దణ్ణం పెట్టుకున్నాను. ఆ మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు. తిట్టినదంతా సరైనదే. ఇంకా తిట్టు. తిట్టడానికైనా ఉండు.

నీ వల్ల కాదు. నువ్వు పుట్టక ముందు కూడా, నాకు పదేళ్ళప్పుడు, అమ్మ ఒక ఏడాది అలాగే పడుకుంది. ఇది రమణమ్మకు తెలుసు, అడుగు.

సంబంధాల మాట నువ్వు రాశావు గానీ నాకు నాన్న గొంతు వినిపించింది. అదే పెరడు, అదే మాట. నాన్న మాట విని నేనేం చేశానో చూశావు. నువ్వు వినకు.

ఇంకొకటి దాచాను. ఇదే చివరిది. నా రెండో కాన్పు తర్వాత నాకూ వచ్చింది. నువ్వు అప్పుడు పదో తరగతి. ఎనిమిది నెలలు పడుకున్నాను. పసిదానికి పాలివ్వాలన్నా చెయ్యి లేచేది కాదు. చచ్చిపోవాలని అనిపించిందా అంటే నాదీ నువ్వు రాసిన అవునే. ఒక నర్సమ్మ కనిపెట్టి బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పద్నాలుగు నెలలు మాత్రలు వేసుకున్నాను. మీ బావకు రక్తం పట్టే మాత్రలని చెప్పాను. పూజ మానలేదు, మాత్ర మానలేదు. తగ్గింది. ఆ తర్వాత ఒకసారి మళ్ళీ వచ్చింది, మళ్ళీ వేసుకున్నాను, తగ్గింది. నాకు ఇప్పుడు యాభై ఐదు.

అదే తల్లికి ముగ్గురం పుట్టాం. రమణమ్మకు ఏమీ రాలేదు. నాకు వచ్చి పోయింది. నీకు వచ్చింది. ఇందులో రాసిపెట్టి ఉన్నది ఎక్కడుంది?

నిన్న రాత్రి ఈ సంగతి మీ బావకు చెప్పాను. మోకాలికి నూనె రాసుకోవడం ఆపాడు. తర్వాత, "అందుకేనా ఆ మాత్రలు అంత సేదుగా ఉండీవి?" అన్నాడు. రక్తం పడుతుందని ఆయన కూడా రెండు మింగాడట.

కుళాయి దగ్గర నూకమ్మ అడిగింది, "మీ రామూర్తికి కిడ్నీ అంటన్నారు, నిజమేనేటి?" అని. కాదన్నాను. మనసుకు జబ్బు చేసింది, మందు వాడాలన్నాను. ఆమె బిందె నిండి పొంగిపోతున్నా చూసుకోలేదు. నేను కూడా అప్పటి దాకా ఆ మాట బయట అనలేదు.

సింధూర తనే వచ్చి అడిగింది, నాన్నకు ఏమైందని. జబ్బు అని, ఏ జబ్బో కూడా చెప్పాను. నీ మాట అంత వరకు కాదన్నాను. నాయనమ్మ సంగతి చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి. కానీ ముందు ఆసుపత్రి.

అప్ప

*

వెరావల్,
28 జనవరి 2024

అప్పకి,

నూకమ్మకి చెప్పినావంటే ఒరిస్సా దాకా తెలిసిపోయినట్టే. ఇంక దాచడానికేమీ మిగల్లేదని ఢిల్లీరావు అన్నాడు. పోనీ, అది ఒకందుకు మంచిదే.

క్రిస్మస్ మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కుర్రాడే. నాకు హిందీ సగం, ఢిల్లీరావుకి ముప్పావు. "నీంద్ నహీ, ఖానా నహీ, అమ్మా బీ నహీ" అని వాడు చెప్పేసరికి డాక్టరుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తరవాత నేనే నెమ్మదిగా చెప్పాను. అమ్మ సంగతి చెప్పాను. నీ సంగతి చెప్పాను. అక్కకు ఏ మాత్ర పనిచేసిందో తెలుసా, ఒక్కోసారి ఇంట్లో ఒకరికి పనిచేసింది ఇంకొకరికీ పనిచేస్తుంది అన్నాడు. నీ పాత చీటీ ఉంటే ఫోటో పంపు.

మొదటి రెండు వారాలు మాత్రలు మట్టి మింగినట్టే. మూడో వారం ఒక పొద్దున లేచీసరికి ఆరు దాటింది. తెల్లారేదాకా నిద్రపోయినాను అప్పా! ఆ రోజు చేపల పులుసులో ఉప్పెక్కువైందని ఢిల్లీరావుని తిట్టాను. "రుచి తెలిసింది రా నీకు" అని వాడు కళ్ళు తుడుచుకున్నాడు. గడియారం కూడా తిరిగిచ్చీసినాడు. నీ మీద కోపం పూర్తిగా పోలేదు. కొంచెం ఉంది. ఉండనీ.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం సింధూరకి ఫోను చేసి నాయనమ్మ సంగతి చెప్పీసినాను. అది మొత్తం విన్నాది. విని ఒకటే అడిగింది: "నాన్నా, నాయనమ్మకొచ్చింది, అత్తకొచ్చింది, నీకొచ్చింది. నాకూ వస్తాదా?"

నేను ఊరుకునేసరికి ఫోను పెట్టీసింది. ఏడు రోజులైంది, మళ్ళీ చెయ్యలేదు. నేను చేస్తే స్విచ్చాఫ్. భయపడిపోయింది. ఆ పిల్లని నా చేతులతో నేనే ముంచీసినానేమో. చిన్నమ్మి ఏమీ లేదంటాది, నమ్మకం లేదు. నువ్వు ఒకసారి చూడు. దానికి ఏమని చెప్పాలో నాకు రాయి.

రామూర్తి

*

డొంకూరు,
5 ఫిబ్రవరి 2024

తమ్ముడికి,

ముందుగా నీ భయానికి. సింధూర ఫోను బస్సులో పడి పగిలింది. వాళ్ళమ్మ తిడుతుందని పది రోజులు ఇంట్లో చెప్పలేదు. బాగుచేయించాను. ఈ సాయంత్రమే చేస్తుంది.

నా చీటీ దొరికింది. ఫోటో ఢిల్లీరావు ఫోనుకు పంపాను. ఏ మాత్రా నీ అంతట నువ్వు ఆపకు. మార్చిలో నువ్వు ఊరొచ్చాక బరంపురంలో చూపిద్దాం. నేను కూడా వస్తాను.

నిన్న సింధూరను మా ఇంటికి పిలిచాను. వంకాయలు తరుగుతూ కూర్చుంది. నాన్నను ఏదో అడిగావట కదా, అన్నాను. "అడిగితే ఆయన మాటాడలేదు. నేను అడక్కూడనిది అడిగానేమో అనుకుని పెట్టీసాను" అంది. నువ్వు అది భయపడిందనుకున్నావు, అది నువ్వు నొచ్చుకున్నావనుకుంది. అడక్కుండానే అనుకునే ఇంటివాళ్ళమే.

జవాబు నేను చెప్పాను. రావచ్చు, రాకపోవచ్చు. మా ముగ్గురిలో ఇద్దరికి వచ్చింది, ఒకరికి రాలేదు. వస్తే మందుంది. వచ్చిందని ఎవరికీ చెప్పకుండా ఉండడమే ప్రమాదం. ఒకవేళ ఎప్పుడైనా నీకు అలా అనిపిస్తే ఎవరికి చెప్తావో ఇప్పుడే అనుకుని పెట్టుకో, అన్నాను.

అది కత్తిపీట పక్కకు జరిపి వేళ్ళు మడిచింది. నాన్న. అమ్మ. నువ్వత్తా. కాలేజీలో సుప్రజ.

అమ్మ గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆమెకు ఒక్క వేలు మడవడానికి మనిషి లేదు రామూర్తీ. నేను అదే ఇంట్లో ఉన్నాను.

కాసేపటికి అడిగాను, రోజూ అమ్మ కొంగు పట్టుకు తిరుగుతావు, మరి నాన్న పేరు ముందు ఎందుకు చెప్పావు అని. నావైపు వింతగా చూసింది.

"నాన్నకైతే తెలుసు కదత్తా, కొత్తగా సెప్పక్కర్లేదు" అంది. మళ్ళీ వంకాయలు తరుక్కుంది.

అప్ప,
నాగమణి